రాజ్యాంగ సవరణలు ప్రాథమిక హక్కులకు కట్టనా, గండా?

చండూరు పాఠకుడు

అందరికీ నమస్కారం. నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, మా దగ్గరి గ్రంథాలయంలో ఒక గంట మాట్లాడాలి. వినేవాళ్లలో ఇంటర్ పిల్లలుంటారు, మహిళా సంఘాల వాళ్లుంటారు, కాలువల కింద, రిజర్వాయర్ల కింద భూములు పోతున్న రైతులుంటారు. అంశం: రాజ్యాంగ సవరణలు పౌరుల హక్కులను ఎట్లా కాపాడతాయి. గైడు పుస్తకాల్లో సవరణ నంబరు, సంవత్సరం, ఒక వాక్యం, అంతే దొరుకుతున్నది. దాన్ని చదివి వినిపిస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

జనం అడిగే ప్రశ్నలు వేరే ఉన్నాయి. పార్లమెంటులో బలం ఉన్నవాళ్లు సవరణ పెట్టి హక్కే తీసేస్తే ఆపేదెవరు? ఎమర్జెన్సీ మళ్లీ పెడితే 1975కూ ఇప్పటికీ తేడా ఏముంటుంది? భూమి మీద హక్కు ప్రాథమిక హక్కు కాదంటున్నారు కదా, మరి సర్కారు ఎట్లా తీసుకున్నా నోరు మూసుకోవాలా? చదువు హక్కు రాజ్యాంగంలోకి వచ్చినా ఇటుక బట్టీల నుంచి వచ్చిన పిల్లలను బడిలో ఎందుకు తిప్పి పంపుతున్నారు? ఈ నాలుగింటికి గట్టి జవాబులు కావాలి. తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

---

కోర్టు వరండా (మిర్యాలగూడ)

మొదటి ప్రశ్నకు జవాబు ఆర్టికల్ 368లో సగం ఉంది, సుప్రీంకోర్టు తీర్పుల్లో సగం ఉంది. పిల్లలకు బోర్డు మీద లెక్క వేసి చూపండి, తొందరగా ఎక్కుతుంది.

లోక్‌సభలో 543 సీట్లు. సవరణ బిల్లు గట్టెక్కాలంటే రెండు లెక్కలు ఒకేసారి కుదరాలి: మొత్తం సభ్యుల్లో సగానికి మించి, అంటే కనీసం 272, దాంతో పాటు ఆ రోజు హాజరై ఓటేసిన వాళ్లలో మూడింట రెండు వంతులు. 500 మంది ఓటేస్తే 334 కావాలి. 360 మందే ఓటేస్తే మూడింట రెండు వంతులు 240కే వస్తుంది, కానీ 240 చాలదు, 272 ఉండాల్సిందే. రాజ్యసభలో మళ్లీ విడిగా ఇదే లెక్క. మామూలు బిల్లు రెండు సభల మధ్య ఇరుక్కుంటే ఉమ్మడి సమావేశం పెట్టి తేల్చవచ్చు. సవరణ బిల్లుకు ఆ దారి లేదు. 1989లో పంచాయతీల కోసం తెచ్చిన 64వ సవరణ బిల్లు లోక్‌సభలో నెగ్గి రాజ్యసభలో పడిపోయింది ఇందుకే.

ఇక చాలామంది పొరబడే చోటు. "సగం రాష్ట్రాలు ఒప్పుకోవాలి కదా" అంటారు. అన్నిటికీ కాదు. రాష్ట్రపతి ఎన్నిక, సుప్రీంకోర్టు, హైకోర్టుల అధికారాలు, ఏడో షెడ్యూలులోని జాబితాలు, పార్లమెంటులో రాష్ట్రాల ప్రాతినిధ్యం, 368 ఆర్టికలే, ఇట్లాంటివి మారిస్తేనే సగం శాసనసభల ఆమోదం కావాలి. ప్రాథమిక హక్కులున్న మూడో భాగం ఆ జాబితాలో లేదు. ఒక హక్కును సవరించడానికి హైదరాబాదు అసెంబ్లీని ఎవరూ అడగనక్కర లేదు.

మరి కట్ట ఎక్కడుంది? 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జిల ధర్మాసనం 7-6 తేడాతో ఇచ్చిన తీర్పులో ఉంది. పార్లమెంటు రాజ్యాంగంలో ఏ భాగాన్నయినా సవరించవచ్చు, దాని మౌలిక స్వరూపాన్ని, అంటే రాజ్యాంగానికి ప్రాణమైన మూల సూత్రాలను, మాత్రం చెరపరాదు. ఆ కట్టను తెంచాలని 1976లో 42వ సవరణ ద్వారా 368కి నాలుగు, ఐదు క్లాజులు చేర్చారు: సవరణను ఏ కోర్టులోనూ ప్రశ్నించరాదు, పార్లమెంటు అధికారానికి హద్దే లేదు అని. 1980లో మినర్వా మిల్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ రెండింటినీ కొట్టేసింది. హద్దులున్న అధికారంతో ఆ హద్దులనే చెరిపేసుకోవడం కుదరదన్నది అక్కడి తర్కం.

ఒక జాగ్రత్త చెప్పండి. మూడో భాగంలోని ప్రతి మాటా మౌలిక స్వరూపం కాదు. ఆస్తి హక్కును ఆ భాగంలోంచి తీసేశారు, ఆ సవరణ నిలిచింది.

పద్ధతి తప్పితే మంచి సవరణ కూడా కూలుతుంది. దానికి మన సింగిల్ విండోల (రైతు సహకార సంఘాల) ఉదాహరణే ఉంది. 2011లో 97వ సవరణ రెండు పనులు చేసింది. సహకార సంఘాలు పెట్టుకునే స్వేచ్ఛను 19(1)(సి)లో చేర్చింది. సంఘాల ఎన్నికలు, ఆడిట్, పదవీకాలం గురించి తొమ్మిదో-బి భాగాన్ని కొత్తగా పెట్టింది. సహకార సంఘాలు రాష్ట్ర జాబితాలోవి. అయినా సగం రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదు. గుజరాత్ హైకోర్టు 2013లో తొమ్మిదో-బి భాగాన్ని కొట్టేసింది, సుప్రీంకోర్టు 2021 జూలైలో దాన్నే ఖాయం చేసింది, బహుళ రాష్ట్ర సంఘాల వరకు మాత్రం ఉంచింది. 19లో చేరిన మాటకు రాష్ట్రాల ఆమోదం అక్కర లేదు కాబట్టి అది పదిలంగా ఉంది.

---

రాజనీతి లెక్చరర్ (వనపర్తి)

ఎమర్జెన్సీ ప్రశ్న నేను తీసుకుంటాను. ఉపన్యాసంలో కనీసం పావుగంట 1978 నాటి 44వ సవరణకు ఇవ్వండి. హక్కుల రక్షణకు చేసిన సవరణల్లో ఇంత జాగ్రత్తగా రాసినది ఇంకొకటి లేదని నా అభిప్రాయం. జరిగిన ప్రతి దెబ్బకూ ఒక్కో తాళం వేసుకుంటూ పోయింది.

1975 జూన్ 25న ఎమర్జెన్సీ పెట్టింది "ఆంతరంగిక కల్లోలం" అన్న కారణంతో. ఆ మాట ఎంత వదులైనదంటే సమ్మె, ఊరేగింపు, ధర్నా ఏదైనా అందులో పట్టేస్తుంది. 44వ సవరణ ఆ రెండు మాటలు తీసేసి "సాయుధ తిరుగుబాటు" అని పెట్టింది. పిల్లలకు ఎమర్జెన్సీ పెట్టే అధికారం ఇచ్చే ఆర్టికల్ 352ను పాతదీ కొత్తదీ పక్కపక్కన రాసి చూపండి. మారింది రెండు మాటలే, కానీ ఆయుధం పట్టని నిరసనను చూపి దేశమంతా ఎమర్జెన్సీ పెట్టే తలుపు దాంతో మూసుకుంది.

రెండోది, మంత్రివర్గ నిర్ణయం రాతపూర్వకంగా రావాలి. 1975లో ప్రధాని సలహా మీద రాష్ట్రపతి సంతకం రాత్రి పడింది, మంత్రివర్గం తెల్లారి కూచుని ఆమోదించింది. మూడోది, పార్లమెంటు ఆమోదానికి గడువు రెండు నెలల నుంచి ఒక నెలకు తగ్గింది, అది కూడా పైన చెప్పిన ప్రత్యేక మెజారిటీతో. ప్రతి ఆరు నెలలకు మళ్లీ ఓటు. లోక్‌సభలో పదో వంతు సభ్యులు నోటీసు ఇస్తే 14 రోజుల్లో ప్రత్యేక సమావేశం పెట్టాలి. మామూలు మెజారిటీతో వద్దంటే ఎమర్జెన్సీ ఎత్తేయాలి. పెట్టడం కష్టం, తీయడం తేలిక చేశారు.

అన్నిటికంటే లోతైనది ఎమర్జెన్సీలో హక్కుల అమలును ఆపనిచ్చే ఆర్టికల్ 359లో ఉంది. ఎమర్జెన్సీ రోజుల్లో నిర్బంధంలో పెట్టినవాళ్ల తరఫున హెబియస్ కార్పస్ పిటిషన్లు (మనిషిని కోర్టు ముందు హాజరు పరచమని కోరేవి) వేస్తే, చాలా హైకోర్టులు విన్నాయి. 1976 ఏప్రిల్ 28న ఏడీఎం జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు 4-1తో వినే వీలే లేదన్నది. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. అంటే మనిషిని చట్టవిరుద్ధంగా పట్టుకుపోయినా, తల్లి పోయి కోర్టు తలుపు తడితే తెరిచేవాళ్లు లేరు. 44వ సవరణ తరువాత ఎట్లాంటి ఎమర్జెన్సీలోనైనా ఆర్టికల్ 20 (నేరారోపణల్లో రక్షణ), 21 (ప్రాణం, స్వేచ్ఛల హక్కు) అమలును ఆపే అధికారం రాష్ట్రపతికి లేదు. 19లోని స్వేచ్ఛలు కూడా యుద్ధం, బయటి దాడి వల్ల పెట్టిన ఎమర్జెన్సీలోనే వాటంతట అవి ఆగిపోతాయి, సాయుధ తిరుగుబాటు పేరుతో పెట్టినదానిలో కాదు. జబల్‌పూర్ తీర్పు తప్పని 2017 ఆగస్టు 24న గోప్యత హక్కు మీద వచ్చిన పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం స్పష్టంగా చెప్పింది.

మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లు ఎవరైనా సభలో ఉంటే వాళ్లకు ఇంకో సంగతి చెప్పండి. మంచినీళ్ల హక్కును ఏ సవరణా తేలేదు. 21లోని "జీవించే హక్కు"లో కాలుష్యం లేని నీరు, గాలి ఉన్నాయని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. 21కి వేసిన తాళం దానిలోంచి పుట్టిన నీళ్ల హక్కును, గోప్యత హక్కును, బతుకుదెరువు హక్కును కూడా కాపాడుతుంది.

లోపం కూడా చెప్పాలి. ముందస్తు నిర్బంధంలో సలహా మండలి ముందుకు పోకుండా మనిషిని ఉంచగల గడువును మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గిస్తూ 44వ సవరణలోని 3వ సెక్షన్ ఆర్టికల్ 22ను మార్చింది. పార్లమెంటు ఆమోదించింది, రాష్ట్రపతి సంతకం అయింది, కానీ అమలు తేదీని ప్రకటించే పని కేంద్రానికి వదిలారు. ఆ తేదీ ఇంతవరకూ రాలేదు. పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) కింద లోపల ఉన్నవాళ్లకు ఇప్పటికీ పాత మూడు నెలల లెక్కే.

---

బడి గంట (పాలమూరు)

సార్, బడి ముచ్చట నేను చెప్త. 86వ సవరణ 2002ల చేసిండ్రు, 21ఎ అని కొత్త ఆర్టికల్ వచ్చింది: ఆరేండ్ల నుంచి పద్నాలుగేండ్ల దాక ఉచిత, నిర్బంధ విద్య. అమల్లకొచ్చింది మాత్రం 2010 ఏప్రిల్ 1న. నడుమ ఏడేండ్లకు పైన ఎందుకు పోయినయంటే, ఎట్ల ఇయ్యాలెనో చెప్పే చట్టం 2009 దాక రాలేదు. సవరణల మాట రాసుడు ఒక పని, దానికి చట్టం, రూల్సు, బడ్జెటు తెచ్చుడు ఇంకో పని. దీని వెనుక చదువు ప్రాథమిక హక్కే అన్న 1993 ఉన్నికృష్ణన్ తీర్పు ఉన్నది, ఆ కేసుల ఎదురు పార్టీ అప్పటి ఆంధ్రప్రదేశ్ సర్కారే.

మన దిక్కు అసలు తిప్పలు ఎప్పుడంటే, దీపావళి తర్వాత తల్లిదండ్రులు ఇటుక బట్టీలకో, పుణె దిక్కు కట్టడం పనికో పోతరు, పిల్లలను వెంట తీస్కపోతరు, నడుమల వాపసొస్తరు. అప్పుడు బడిల చెప్పే మాటలు మూడు. ఒకటి, టీసీ లేదు. చట్టంల 5వ సెక్షన్ ఏం చెప్తదంటే, టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండ ఉండరాదు. రెండు, పుట్టిన తేదీ కాగితం లేదు. 14వ సెక్షన్ కింద వయసు కాగితం లేదని సీటు లేదనరాదు. మూడు, అడ్మిషన్ల టైం అయిపోయింది. 15వ సెక్షన్ కింద గడువు దాటినంక వచ్చినా చేర్చుకోవాలె. నాలుగేండ్లు బడి మొఖం చూడని పదేండ్ల పిల్ల వస్తే ఒకటో తరగతిల కూసోబెట్టరాదు, వయసుకు తగ్గ తరగతిల చేర్చి ప్రత్యేక శిక్షణ ఇయ్యాలె, అది 4వ సెక్షన్. ఎనిమిదో తరగతి పూర్తయ్యే దాక, పద్నాలుగు దాటినా ఫీజు లేకుండ చదువుకోవచ్చు.

అయినా తిప్పి పంపుతరు. ఎందుకంటే తల్లి నోటితో అడుగుతది, వాళ్లు నోటితో లేదంటరు, కాగితం మీద ఏం ఉండదు. చేయాల్సిన పని ఇది: తెల్ల కాగితం మీద పిల్ల పేరు, వయసు, ఊరు, ఏ తారీఖున బడికి పోయిండ్రో, ఏ కారణం చెప్పి వద్దన్నరో రాసి హెడ్మాస్టరుకు ఇయ్యాలె, రెండో కాపీ మీద తారీఖుతోని సంతకం తీసుకోవాలె. చాలాసార్లు ఆ కాగితం చూసినంకనే పిల్ల పేరు రిజిస్టర్ల ఎక్కుతది. ఎక్కకుంటె 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగ ఫిర్యాదు, మూడు నెలల్ల తేల్చాలె. మండల విద్యాధికారికి, సోమవారం కలెక్టరేట్ల ప్రజావాణికి గూడ ఒక్కో కాపీ ఇచ్చి రసీదు దగ్గర పెట్టుకోవాలె.

ఇంటర్ పిల్లలకు ఒక మాట చెప్పండి, వాళ్ల వయసు 21ఎ కిందికి రాదు. అట్లనే అంగన్‌వాడి పిల్లలు. ఆరేండ్ల లోపు వాళ్ల ముచ్చట 45వ ఆర్టికల్ల ఉన్నది, అది ఆదేశిక సూత్రం, దాని మీద సీద కోర్టుకు పోరాదు.

---

చండూరు పాఠకుడు

లెక్చరర్ గారూ, పంతులన్నా, నేను అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చారు. భూమి సంగతి ఇంకా మిగిలింది. రైతులు సూటిగా అడుగుతున్నారు: ఆస్తి హక్కును తీసేసిన సవరణ కూడా ఈ 44వదే కదా. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టు కాదా?

---

ఖుష్కి-తరి (దేవరకొండ)

అవును, అదే సవరణ. ఆస్తి హక్కు ఉన్న 19(1)(ఎఫ్)ను, 31ని తీసేసి, రాజ్యాంగం పన్నెండో భాగంలో 300ఎ అని ఒక్క వాక్యం పెట్టారు: చట్టం ఇచ్చిన అధికారంతో తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదు. ఇల్లు మారింది, హక్కు చావలేదు. మారినందువల్ల పోయింది ఇది: ఆర్టికల్ 32 కింద నేరుగా సుప్రీంకోర్టుకు పోయే దారి. మిగిలింది ఇది: 226 కింద హైకోర్టులో రిట్. మన రైతుకు హైదరాబాదు హైకోర్టే దగ్గర కాబట్టి ఆచరణలో పెద్ద దెబ్బ కాదు. అసలు దెబ్బ ఏంటంటే, పార్లమెంటు గానీ అసెంబ్లీ గానీ చేసే చట్టం ఎంత గట్టిగా ఉంటే రైతు హక్కు అంతే గట్టిగా ఉంటుంది.

300ఎలోని ఆ ఒక్క వాక్యంలో ఏడు హక్కులున్నాయని 2024 మేలో కోల్‌కతా మున్సిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు నోటీసు ఇవ్వడం, అభ్యంతరం వినడం, కారణాలతో నిర్ణయం చెప్పడం, ప్రజా ప్రయోజనం కోసమే తీసుకోవడం, న్యాయమైన పరిహారం, ప్రక్రియను గడువులోపు నడపడం, దాన్ని ముగించడం. దీన్ని చేతిలో పెట్టుకుని 2013 భూసేకరణ చట్టం చదివితే ఒక్కో సెక్షన్ ఏ హక్కుకు కాపలా ఉందో కనిపిస్తుంది.

పంచాయతీ ఆఫీసు గోడకు అంటించిన ప్రాథమిక నోటిఫికేషన్, అంటే 11వ సెక్షన్ కింద వచ్చినది, చూడండి. సర్వే నంబరు, సబ్‌డివిజన్, విస్తీర్ణం, పట్టాదారు పేరు, ఖుష్కినా (మెట్ట) తరినా (మాగాణి), బావి, బోరు, చెట్లు. తప్పులు ఎక్కువగా జరిగేది విస్తీర్ణం గడిలో. మన దగ్గర 1-20 అంటే ఎకరం ఇరవై గుంటలు, అంటే ఎకరంన్నర. దాన్ని కంప్యూటరులో 1.20 అని దశాంశంగా ఎక్కిస్తే ఎకరం ఎనిమిది గుంటలే అవుతుంది. పన్నెండు గుంటలు కాగితం మీదనే పోయినట్టు. రెండో తప్పు తరి భూమిని ఖుష్కిగా రాయడం. మూడోది బోరు, మామిడి చెట్లు రాయకపోవడం. పాస్‌బుక్, పహాణీ పక్కన పెట్టుకుని ఒక్కో గడి సరిచూడాలి.

15వ సెక్షన్ కింద అభ్యంతరానికి 60 రోజులు. గెజిట్‌లో ఒక తేదీ, పత్రికలో ఇంకో తేదీ, ఊళ్లో ఇంకో తేదీ కనిపిస్తాయి. అన్నిటికంటే ముందున్న తేదీ నుంచి లెక్క పెట్టుకుంటే ఇబ్బంది రాదు. ఆ 60 రోజుల్లో "భూమి ఇవ్వను" అని ఒక్క ముక్క రాసి ఇస్తే లాభం లేదు. ఇంత భూమి అవసరం లేదు, ఈ పనికి ఈ భూమి తగదు, ప్రజా ప్రయోజనం నిజంగా లేదు, సామాజిక ప్రభావ అంచనాలో ఫలానాది తప్పు — చట్టం గుర్తించే కారణాలు ఇవి. వినేటప్పుడు స్వయంగా మాట్లాడతాననో, వకీలు ద్వారా మాట్లాడతాననో అదే కాగితంలో కోరాలి. మన రాష్ట్రం 2017లో ఈ చట్టానికి చేసుకున్న సవరణ వల్ల కొన్ని రకాల ప్రాజెక్టులకు ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇవ్వవచ్చు. అందుకని మీ ప్రాజెక్టుకు మినహాయింపు ఉత్తర్వు ఉందా లేదా అని సమాచార హక్కు కింద మొదటి వారంలోనే అడగండి, జవాబుకు 30 రోజులు పడుతుంది.

పరిహారం లెక్క: మార్కెట్ విలువ కోసం దగ్గరి భూముల గత మూడేళ్ల సేల్‌డీడ్లు తీసి, అందులో ఎక్కువ ధర ఉన్న సగం డీడ్ల సగటు కడతారు, స్టాంపుల శాఖ విలువతో పోల్చి ఏది ఎక్కువైతే అది. దాన్ని గ్రామాల్లో 1 నుంచి 2 మధ్య రాష్ట్రం నోటిఫై చేసిన గుణకంతో హెచ్చిస్తారు. ఎకరం 6 లక్షలు, గుణకం 1.25 అనుకుంటే 7.5 లక్షలు. బోరు, చెట్లు కలిసి లక్ష అనుకుంటే 8.5. దాని మీద నూటికి నూరు సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము), అంటే మొత్తం 17 లక్షలు. మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం వేరే. ఊళ్లో అందరూ ఫీజు తప్పించుకోవడానికి డీడులో తక్కువ ధర రాయిస్తూ పోతే ఇక్కడికొచ్చి అందరూ కలిసి నష్టపోతారు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఎక్కువ ధర ఉన్న డీడ్ల సర్టిఫైడ్ కాపీలు ముందే తెచ్చిపెట్టుకోవాలి.

ఎక్కువమంది జారిపడే మెట్టు చివర ఉంది. చెక్కు తీసుకునేటప్పుడు రసీదు మీద "పరిహారం చాలదన్న అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాయకుండా సంతకం పెడితే, 77వ సెక్షన్ ప్రకారం పెంపు కోరే హక్కు పోతుంది. రాసి తీసుకుంటే, అవార్డు (పరిహారం తేల్చే ఉత్తర్వు) ఇచ్చేటప్పుడు అక్కడ ఉన్నవాళ్లు ఆరు వారాల్లోపు 64వ సెక్షన్ కింద కలెక్టరుకు దరఖాస్తు ఇవ్వాలి, ఆయన దాన్ని భూసేకరణ అథారిటీకి పంపాలి. డబ్బు తీసుకోవడం తప్పు కాదు, అభ్యంతరం రాయకపోవడమే తప్పు.

లావణి పట్టా (సర్కారు పంచిన అసైన్డ్ భూమి పట్టా) ఉన్నవాళ్లు తమకేమీ రాదనుకుని ఊరుకుంటారు. చేవెళ్ల ఆర్డీవో కేసులో 2004లో అప్పటి ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైన్డ్ భూమి వెనక్కు తీసుకున్నా పట్టా భూమితో సమానంగా మార్కెట్ విలువ ఇవ్వాలన్నది.

---

జాగీరు దఫ్తరం (నాగర్‌కర్నూల్)

ఖుష్కి-తరి గారు రాసినదానిలో తప్పు లేదు, కానీ రైతులకు కథలో మొదటి సగం కూడా చెప్పాలి. ఆస్తి ప్రాథమిక హక్కుగా ఉన్న రోజుల్లో దాన్ని పట్టుకుని కోర్టుకెక్కింది ఎక్కువగా జమీందారులు, జాగీర్దార్లు. దున్నేవాడి చేతిలో కాగితమే లేదు, వాడు ఏ హక్కుతో పోతాడు?

అందుకే 1951లో మొదటి సవరణతోనే 31ఎ, 31బి వచ్చాయి, తొమ్మిదో షెడ్యూలు వచ్చింది: అందులో పెట్టిన చట్టాన్ని ప్రాథమిక హక్కులకు విరుద్ధమని కొట్టేయరాదు. అందులో పెట్టిన మొదటి 13 చట్టాల్లో చివరి రెండూ మన హైదరాబాదు రాష్ట్రానివే: 1358 ఫస్లీ (నిజాం సర్కారు ఏడాది లెక్క) జాగీర్ల రద్దు రెగ్యులేషన్, 1359 ఫస్లీ జాగీర్ల పరిహార రెగ్యులేషన్. పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో జాగీరు ఊళ్లు దివానీ (నేరుగా సర్కారు) కిందికి వచ్చి రైతుల పేర్లు రికార్డుల్లో ఎక్కడానికి అది కాపలా కాసింది. ఆ మొదటి సవరణే 15(4)ను కూడా తెచ్చింది. మద్రాసు ప్రభుత్వం కాలేజీ సీట్లలో పెట్టిన కేటాయింపును చంపకం దొరైరాజన్ కేసులో కొట్టేశారు కాబట్టి, వెనుకబడిన వర్గాలకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని స్పష్టంగా రాయాల్సి వచ్చింది. అదే సవరణ 19(2)లో భావస్వేచ్ఛ మీద ఆంక్షల జాబితాను పెంచింది కూడా. కట్ట, గండి రెండూ ఒకే సవరణలో ఉండటం ఇట్లా మొదటిరోజు నుంచే ఉంది.

ఆ షెడ్యూలు తరువాత పెరిగి పెరిగి 284 చట్టాలకు చేరింది, భూసంస్కరణకు సంబంధం లేనివి కూడా దూరాయి. 2007 జనవరి 11న ఐ.ఆర్. కోయెల్హో కేసులో సుప్రీంకోర్టు, 1973 ఏప్రిల్ 24 తరువాత అందులో పెట్టిన చట్టాలు మౌలిక స్వరూపాన్ని దెబ్బతీస్తే పరీక్షిస్తామన్నది. జాగీర్ల రద్దు లాంటి పాతవాటికి ఢోకా లేదు.

---

మండల ఆఫీసు ఎదురుగా (నల్లగొండ)

మహిళా సంఘాల వాళ్లకు 73వ సవరణ చెప్పకుండా రాకండి. 1993 ఏప్రిల్ 24 నుంచి అమలు. సీట్లలో, సర్పంచ్ పదవుల్లో మూడో వంతు మహిళలకు తగ్గరాదన్నది రాజ్యాంగం పెట్టిన కనీసం. మన 2018 చట్టం సగం చేసింది. అసెంబ్లీ రేపు సగాన్ని తగ్గించవచ్చు, మూడో వంతు కిందికి దించలేదు.

ఐదేళ్లు నిండేలోపు ఎన్నిక జరగాలని 243ఈ చెప్తున్నది. అయినా 2024 ఫిబ్రవరి మొదట్లో మన పంచాయతీల గడువు తీరితే ప్రత్యేకాధికారులు వచ్చారు. ఆ ఆర్టికల్ గడువు పెట్టింది గానీ, దాటితే ఏం చేయాలో రాయలేదు. 2025 జూన్‌లో హైకోర్టు ఆదేశించాల్సి వచ్చింది, ఎన్నికలు డిసెంబరులో జరిగాయి. నడుమ ఉన్న కాలంలో కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగి, వీధిలైట్ల దగ్గర్నుంచి అన్నీ ఆగాయి.

ఇంటర్ పిల్లలకు రెండు. 1988 నాటి 61వ సవరణ ఓటు వయసును 21 నుంచి 18కి తెచ్చింది. 1973 నాటి 32వ సవరణ 371డిని తెచ్చింది. స్థానిక కోటా దాని మీద నిలబడ్డదే. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల కింద నల్లగొండ యాదాద్రి జోన్‌లో, మహబూబ్‌నగర్ జోగులాంబ జోన్‌లో ఉన్నాయి. ఉద్యోగాలకు 1 నుంచి 7వ తరగతి దాకా ఎక్కడ చదివారన్నదే లెక్క కాబట్టి ఆ బోనఫైడ్లు ఇప్పుడే తీసిపెట్టుకొమ్మనండి. బడి మూతపడ్డాక రిజిస్టరు కోసం తిరగడం చాలా కష్టం.

---

చండూరు పాఠకుడు

అందరికీ దండాలు. గంట సరిపోదు, ఇంకో అరగంట అడుగుతాను. చివరిగా ఒకటి: వకీలును పెట్టుకునే స్తోమత లేని రైతు ఈ అభ్యంతరాల కాగితం ఎవరితో రాయించుకోవాలి?

---

కోర్టు వరండా (మిర్యాలగూడ)

దానికీ ఒక సవరణే దారి చూపింది. హక్కులను అంత కుదించిన 42వ సవరణే 39ఎను, అంటే ఉచిత న్యాయ సహాయాన్ని చేర్చింది. దాని కింద 1987 చట్టం వచ్చింది. నల్లగొండ జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, టోల్‌ఫ్రీ నంబరు 15100. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయం ఎంతని అడగకుండా వకీలును ఇస్తారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంది. భూమి భార్యాభర్తల ఇద్దరి పేర్ల మీద ఉంటే దరఖాస్తు ఆమె పేరుతో ఇవ్వండి.

పోయేటప్పుడు పాస్‌బుక్, పహాణీ, ఆధార్ జిరాక్సులు, నోటిఫికేషన్ ఫోటో వెంట ఉండాలి. ఫోటోలో తేదీ, సర్వే నంబరు రెండూ చదవగలిగేట్టు ఉండాలి. అరవై రోజుల్లో యాభైయ్యో రోజున పోతే పని కాదు, వకీలును కేటాయించడానికే కొన్ని రోజులు పడుతుంది. నోటీసు గోడ మీద పడిన వారంలోనే పొమ్మనండి. అభ్యంతరం రెండు కాపీలు చేసి, ఒకటి ఆర్డీవో ఆఫీసులో ఇచ్చి రెండోదాని మీద ఇన్‌వర్డు నంబరు, ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేయమంటే రేపు రమ్మంటే, అదే రోజు పోస్టాఫీసుకు పోయి స్పీడ్ పోస్టులో, చేరినట్టు రుజువు వచ్చేట్టు పంపండి.